గుమ్మంలో వాసన

స్పిరిట్ డబ్బా పెట్టే అల్మారాకి కొత్త తాళం వేలాడుతోంది. పాలిష్ మేస్త్రి తన చొక్కా విప్పి మేకుకి తగిలించి, పని చొక్కా వేసుకుని, దూదీ పాత గుడ్డా చేతపట్టుకుని అల్మారా దగ్గరికి వెళ్ళేదాకా దాన్ని చూడనే లేదు. నిగనిగలాడే ఇత్తడి తాళం. షాపు షట్టరుకి కూడా అంత మంచిది లేదు.

"తాళమేంటి బావా?" అన్నాడు.

షాపు యజమాని అతని భార్యకి స్వయానా అన్నయ్య. పాత కుర్చీలూ బల్లలూ కొని, బాగుచేయించి అమ్ముతాడు. కుర్చీ కాళ్ళు సమంగా ఉన్నాయో లేదో దూరం నుంచే చెప్పేస్తాడు గాని, ఎదుటి మనిషి మొహం చూస్తూ చిన్న అబద్ధం ఆడమంటే మాత్రం చేతకాదు. అందుకే తలుపు బందుకేసి చూస్తూ జవాబు చెప్పాడు.

"ఆవిరైపోతోంది బావా. ఈ ఎండలకి... మూత కూడా కాస్త లూజు."

"మూత లూజైతే మూత మార్చాలి గాని, తాళమెందుకు?"

"రెండూ చేద్దాంలే."

ఆ మూల కుర్చీకి చీల కొడుతున్న వడ్రంగి తల ఎత్తాడు. ఆయన చేతిలో సుత్తి ఆగుతుందేమో గాని నోరు ఆగదు. సుత్తి మేస్త్రి అన్న పేరు ఊరికే రాలేదు. "అదేదో నా నోటిక్కూడా ఒకటి కొనకపోయారా? మా ఆవిడ మీకు దణ్ణం పెట్టుకునేది," అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి మళ్ళీ తన చీల మీద పడ్డాడు.

యజమాని జేబులోంచి తాళంచెవి తీసి, అల్మారా తెరిచి, చంటిపిల్లకి దగ్గు మందు పోసినంత జాగ్రత్తగా ఒక స్టీలు గ్లాసులోకి స్పిరిట్ వంచాడు. మళ్ళీ తాళం వేశాడు. వేసి, లాగి చూశాడు. "ఇది అయిపోతే పిలు బావా, ఇక్కడే ఉంటా," అన్నాడు. పాలిష్ మేస్త్రికి చెవులు వేడెక్కాయి. నలుగురిలో చెంప మీద కొట్టినా బాగుండేది, కనీసం తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. ఇంత మర్యాదగా కొలిచి పోస్తే ఏమంటాం?

అసలు సంగతి ఏమిటంటే, ఆ డబ్బాలోంచి అతను ఎన్నడూ ఒక్క చుక్క నోట్లో పోసుకోలేదు. బాగా తాగే రోజుల్లో కూడా. పాలిష్ స్పిరిట్ తాగితే కళ్ళు పోతాయని ఆ పనిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. తాగుబోతే గాని గుడ్డివాడు కావాలని అతనికి ఎప్పుడూ లేదు. తాగుడు మానిపించిన డాక్టరు, ఆ వాసన మధ్య ఉండొద్దు, వేరే పని చూసుకోమన్నాడు. వేరే పనంటే ఏది? మీసాలు రాకముందు నుంచీ చేతికి వచ్చిన పని ఇదొక్కటే. అందుకని తనే కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాడు. కిటికీలు బార్లా తెరిచి, వెనక ఫ్యాను పెట్టుకుని, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుంటాడు. ఏమీ తినకుండా డబ్బా మూత తియ్యడు. జేబులో వేరుశనగపప్పులూ, పక్కన నీళ్ళ సీసా ఎప్పుడూ ఉంటాయి. వాసన మరీ లోపలికి దిగుతున్నట్టు అనిపిస్తే అన్నీ వదిలేసి పెరట్లోకి పోయి, ఏదో ఒక కుర్చీ కాలుని గరుకు కాగితంతో చెయ్యి నొప్పెట్టేదాకా రుద్దుతాడు. ఈ చివరిది ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టాడు. షాపులో కుర్చీల కాళ్ళు ఈ మధ్య అంత నున్నగా ఉండడానికి కారణం అదే.

ఆ రోజు పని పెద్ద భోజనాల బల్ల. స్పిరిట్‌లో నానబెట్టిన లక్కని దూదిమూటకి పట్టించి, పైన ఒక్క చుక్క నూనె వేసి, గుండ్రంగా తిప్పుతూ పోవాలి. ముఖ్యమైనదేమిటంటే మూట ఆగకూడదు. బల్ల మీద చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ అంటుకుని మచ్చ పడుతుంది. సగం బల్ల అయ్యేసరికి మూట ఎండిపోయింది. గ్లాసు ఖాళీ. "బావా!" అని పిలిచాడు. బావ ముందు గదిలో ఎవరో ఆడమనిషికి అద్దం చూపిస్తున్నాడు. "బావా!" అని మళ్ళీ పిలిచాడు. ఆయన తాళంచెవి వెతుక్కుంటూ వచ్చేసరికి బల్ల నడుమ చారిక ఎండి, చూసేవాళ్ళకి స్పష్టంగా కనిపిస్తోంది. పొద్దుటి నుంచి చేసినదంతా గీకి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

"అయ్యయ్యో," అన్నాడు బావ.

పాలిష్ మేస్త్రి తెచ్చుకున్న డబ్బాలో సగం అన్నం అలాగే వదిలేసి, సాయంత్రం దాకా ఆ చారికని గీకుతూ కూర్చున్నాడు.

సాయంత్రం అతని కాళ్ళు దగ్గరి దారి పట్టాయి. ఇంటికి రెండు దారులు. దగ్గరి దారిలో మందు షాపుంది. అందుకని మానినప్పటి నుంచీ బడి గోడ పక్కగా చుట్టూ తిరిగి వెళుతున్నాడు. ఇవాళ తిరగలేదు. 'ఎలాగూ తాగానని అనుకుంటూనే ఉన్నారు కదా, ఆ మాటేదో నిజం చేస్తే పోలా?' అని లోపల ఒకడు చాలా తీరిగ్గా అడుగుతున్నాడు. సందు మొదట్లో ఆగాడు. షాపు ముందు లైటు అప్పుడే వేశారు. ఫోన్ తీశాడు.

"చెప్పబ్బాయ్," అన్నాడు అవతల కండక్టర్ గారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బస్సులో టిక్కెట్లు కొట్టి, చాలాకాలం కిందట తాగుడు మానేసి, ఇప్పుడు వారానికోసారి మానేసినవాళ్ళందర్నీ ఒక బడి గదిలో కూర్చోబెట్టి మాట్లాడించే పెద్దమనిషి.

"కోపంగా ఉందండీ."

"ఎక్కడున్నావు?"

"మందు షాపు సందు దగ్గర."

"మధ్యాహ్నం అన్నం తిన్నావా?"

"సగం వదిలేశా."

"అదీ సంగతి! ముందు కడుపులో ఏదైనా పడెయ్. తిన్నాక కూడా కోపం ఉంటే అప్పుడు కోప్పడదాం. ఒక్కడివీ ఎందుకు, ఇద్దరం కలిసే కోప్పడదాం. అరటిపళ్ళ బండి కనిపిస్తోందా?"

కనిపిస్తోంది. కొన్నాడు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఒకటి తిన్నాడు, ఇంకోటి తిన్నాడు. కండక్టర్ గారు ఆపకుండా తన మోకాలి గురించీ, మిద్దె మీద వేసిన చిక్కుడు పాదుకి పట్టిన పేను గురించీ, ఆ పేనుని చంపడానికి భార్య తన సబ్బు ఖర్చు చేసేస్తున్న వైనం గురించీ చెప్పుకుపోయాడు. మధ్యలో "నడుస్తున్నావా?" అని ఒకసారి అడిగాడు. "నడుస్తున్నా." "ఏ వైపు?" "బడి వైపు." "సరే, సబ్బు సంగతి విను మరి..." ఇంటి మలుపు వచ్చేసరికి కోపం పూర్తిగా పోలేదు గాని, భరించగలిగినంతకి దిగింది.

ఇక మిగిలింది గుమ్మం.

గుమ్మం దగ్గర రోజూ ఒక తంతు ఉంటుంది. దాని గురించి మొగుడూ పెళ్ళాలు ఎన్నడూ మాట్లాడుకోలేదు. అతను చెప్పులు విడుస్తాడు. ఆమె అన్నం డబ్బా అందుకోవడానికి వస్తుంది. డబ్బా అందుకోవడానికి అంత దగ్గరికి రానక్కర్లేదు, కానీ వస్తుంది. వచ్చి, "అన్నయ్య బాగున్నాడా?" అని ఏదో ఒకటి అడుగుతుంది. అతను నోరంతా తెరిచి, "ఆఁ, బాగున్నాడు," అంటాడు. ఆ 'ఆఁ' కోసమే ఆ ప్రశ్న. ఆమె ముక్కుపుటాలు ఒక్కసారి కదులుతాయి, భుజాలు దిగుతాయి, డబ్బా తీసుకుని లోపలికి పోతుంది. ఇన్నేళ్ళు ఏడిపించినవాడు ఆమాత్రం నోరు తెరవలేడా అని అతను సరిపెట్టుకున్నాడు. ఒళ్ళంతా స్పిరిట్ కంపు కొడితే ఆమెకి తేడా తెలియదని షాపు కుళాయి దగ్గరే రుద్దుకుని కడుక్కుని, చొక్కా మార్చుకుని మరీ బయల్దేరతాడు.

ఆ సాయంత్రం ఆమె రాలేదు. లోపల కుట్టుమిషను గడగడలాడుతోంది. బడిపిల్లల యూనిఫారాలు అప్పజెప్పాల్సిన రోజులు. కూతురు చిట్టి పరిగెత్తుకొచ్చింది. రెండో తరగతి పిల్ల. "నాన్నా!" అంటూ నడుం పట్టుకుని వేలాడింది. వంగాడు. పిల్ల అతని మెడ చుట్టూ చేతులు వేసి, మొహం మొహానికి దగ్గరగా పెట్టి, అచ్చం తల్లిలాగే కళ్ళు సగం మూసి, గాలి పీల్చింది. తర్వాత వెనక్కి తిరిగి గట్టిగా అరిచింది.

"అమ్మా, లేదు!"

మిషను ఆగింది. "సరిగ్గా చూశావా?"

"చూశా. అరటిపండు వాసన."

మిషను మళ్ళీ మొదలైంది. పిల్ల అప్పుడే అతన్ని వదిలేసి తన బొమ్మల దగ్గరికి పోయింది. అతను వంగినవాడు వంగినట్టే కాసేపు ఉండిపోయాడు. సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, భూమి చీలితే బాగుండునన్నంత సిగ్గు. లేచి తిన్నగా వంటింట్లోకి పోయి అంట్లు ముందేసుకున్నాడు. అవి అయిపోయాక కడిగినవి కూడా దించి మళ్ళీ కడిగాడు. భార్య ఒకసారి తొంగిచూసింది. ఆమె పెట్టింది తిని పడుకున్నాడు.

మర్నాడు బావ గ్లాసు పట్టుకుని రాగానే అతను అందుకోలేదు.

"నిజం చెప్పు బావా. నేను తాగుతున్నానని ఎవరన్నారు? సుత్తి మేస్త్రా?"

"ఛ ఛ! నేనా?" సుత్తి మేస్త్రి నిజంగానే నొచ్చుకున్నాడు. "నేను ఏదన్నా మొహానే అంటాగా."

బావ గ్లాసు బల్ల మీద పెట్టాడు. మచ్చ పడుతుందని గుర్తొచ్చి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "చెల్లాయి," అన్నాడు చివరికి. "నువ్వు కండక్టర్ గారి మీటింగుకి వెళ్ళినప్పుడల్లా ఇక్కడికొస్తుంది. నీ పని చొక్కా వాసన చూస్తుంది. నీ నీళ్ళ సీసా చూస్తుంది. మొన్నొచ్చి డబ్బా ఊపి చూసి, తగ్గిందన్నయ్యా అంది. తగ్గదా మరి? అంత బల్ల పాలిష్ అవుతుంటే పెరుగుతుందా? అదే చెప్పాను. వినదే! అక్కడే, ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చింది. నాకు నీ మీద అనుమానం లేదు బావా, నా పిల్లల తోడు. ఆడపిల్ల ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తోచక పోయి తాళం కొన్నా."

పాలిష్ మేస్త్రి మేకు మీది చొక్కా లాగి తొడుక్కున్నాడు. "బావా, పని..." అని ఆయన అంటున్నా వినకుండా మెట్లు దిగాడు. ఈసారి ఫోన్ తియ్యలేదు. ఏ దారిలో వెళ్ళాలని కూడా ఆలోచించలేదు. అడగాలి. నిలదీయాలి. పెళ్ళాం పోలీసు, కూతురు హోంగార్డు, బావ జైలరు! ఇంకెందుకు మానడం? ఎవరి కోసం? ఆమె ఒక్క మాట ఎదురు చెప్పినా సరే, ఇటునుంచి ఇటే ఆ సందులోకి పోతానని గట్టిగా అనుకున్నాడు. అంత గట్టిగా అనుకున్నాక మనసుకి హాయిగా కూడా అనిపించింది. అలాంటి హాయి మంచిది కాదని తెలుసు. తెలిసినా నడుస్తూనే ఉన్నాడు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. మెల్లగా తోశాడు. పిల్ల బడికి వెళ్ళింది. మిషను మీద సగం కుట్టిన చొక్కా సూది కిందే ఉంది. భార్య వంటింట్లో బియ్యం డబ్బా ముందు గొంతుక్కూర్చుని, మోచెయ్యి దాకా లోపలికి దూర్చి కెలుకుతోంది.

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆమె చెయ్యి తీసి దులుపుకుంది. ఫిల్టరు వెనక చూసింది. స్నానాలగదిలోకి పోయి ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తిన చప్పుడైంది. బయటికొచ్చి అతని పాత బూట్లు ఒకదాని తర్వాత ఒకటి తలకిందులు చేసింది. దిండు గలీబు ముక్కు దగ్గర పెట్టుకుంది. అతను ఒకప్పుడు దాచిన చోట్లన్నీ వరసగా వెతుకుతోంది. దాచాలని అతనికి ఎన్నడూ తట్టని చోట్లు కూడా వెతుకుతోంది. ఆఖరికి తన సొంత మిషను సొరుగు లాగి, దారపుండల కింద తడిమింది. ఎక్కడా ఏమీ లేదు. లేనందుకు ఆమె మొహంలో సంతోషం లేదు. ఒక్క క్షణం నిలబడి, పెదవి కొరుక్కుని, మళ్ళీ బియ్యం డబ్బా దగ్గరికి వెళ్ళింది.

ఆ మొహం అతనికి తెలుసు. అద్దంలో చూసిన మొహమే. ఖాళీ అని తెలిసి తెలిసి, పొద్దున్నే ఆ సీసానే మళ్ళీ తీసి వంచి చూసుకునేవాడు. ఇంకెవరూ చూడకముందే కానిచ్చేయాలన్న ఆ తొందర, మెడ తిప్పకుండా పక్కకి చూసే ఆ చూపు, అన్నీ తనవే.

"ఏం పోయింది?" అన్నాడు మెల్లగా.

ఆమె ఉలిక్కిపడి లేచింది. చేతినిండా బియ్యపు పిండి. "ఏంటి, పెందలాడే వచ్చేశావు?" అంటూనే దగ్గరికొచ్చింది. ముక్కుపుటాలు కదిలాయి. కదిలినట్టు ఆమెకి కూడా తెలియలేదు.

"రోజుకి ఎన్నిసార్లు వెతుకుతావు?"

"ఒక్కసారే."

ఆ మాట కూడా తనదే. ఒక్క గ్లాసే అనేవాడు. అతను మంచం అంచున కూర్చున్నాడు. ఎదురు చూశాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది, పిండి పోయాక కూడా.

"పొద్దున నువ్వు వెళ్ళగానే ఒకసారి," అంది. "మధ్యాహ్నం ఇంకోసారి. నువ్వు స్నానానికి వెళ్తే... నిద్రపోయాక కూడా నీ మొహం దగ్గర... ఏమీ ఉండదని తెలుసు. రేపట్నుంచి చూడకూడదు అనుకుంటా. ఒట్టు కూడా పెట్టుకున్నా. తెల్లారేసరికి చేతులు వాటంతటవే వెళ్ళిపోతాయి. చూసిన కాసేపూ బాగుంటుంది. తర్వాత మళ్ళీ మామూలే. యూనిఫారాలు అలాగే పడున్నాయి. నాకు పిచ్చెక్కుతోందేమోనని భయంగా ఉంది."

"పిచ్చి కాదు."

"మరి ఏంటిది?"

ఏమిటో అతనికి తెలుసు గాని, ఆ పేరు తన భార్యకి పెట్టడానికి నోరు రాలేదు. "చిట్టికెందుకు నేర్పావు?" అన్నాడు.

"నేనా? నా తల్లి తోడు, నేర్పలేదు!" అంది. "చూసి నేర్చుకుంది. మొదటిసారి అది వచ్చి చెప్పినప్పుడు తిట్టాల్సింది. తిట్టలేదు. సరిగ్గా చూశావా అన్నాను." ఇక ఆగలేక గోడకి తల ఆనించి ఏడ్చింది. ఇంతకుముందైతే ఆ ఏడుపు చూడలేక బయటికి పోయేవాడు, పోయి ఎక్కడ తేలేవాడో అందరికీ తెలుసు. ఇప్పుడు లేచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. జేబులోంచి వేరుశనగపప్పులు తీసి ఆమె అరచేతిలో పోశాడు.

"ఏంటివి?"

"తిను. ముందు కడుపులో ఏదైనా పడాలి. నాకు అలాగే చెప్పారు." తనకి వచ్చినంతలో, తడుముకుంటూ చెప్పాడు. "జన్మంతా మానేస్తానని ఒట్టు పెట్టుకోకు. రేపు సాయంత్రం ఒక్క పూట చూడకు, చాలు. చూడాలనిపిస్తుంది, బాగా అనిపిస్తుంది. అనిపించనీ. అప్పుడు చేతికేదైనా పని చెప్పు. అప్పటికీ ఆగకపోతే ఫోన్ చెయ్యి."

"ఎవరికి? నీకా?"

"నాకెందుకు, నేనే దొంగనైతే! కండక్టర్ గారి భార్యకి. ఆయన మానిన చాలా ఏళ్ళ దాకా ఆవిడ ఆయన కాఫీ కూడా వాసన చూసేదట."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. పప్పులు నమిలింది.

మర్నాడు షాపులో బావ తాళంచెవి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "తీసేద్దాం బావా. నాకు రాత్రి తిండి సహించలేదు." పాలిష్ మేస్త్రి తాళంచెవిని ఇటూ అటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేశాడు. "ఉండనీ. నీ దగ్గరే ఉండనీ. గ్లాసుతో కాదు, బల్లకి ఎంత పడుతుందో అంతా ఒకేసారి పోసివ్వు. మధ్యలో చెయ్యి ఆగకూడదు." బావకి అర్థమైందో లేదో గాని, నిండుగా పోశాడు. మూత తీసిన క్షణంలో పాలిష్ మేస్త్రి ఎప్పట్లాగే ఊపిరి బిగపట్టాడు. ఆ పూట బల్ల ఒక్క చారిక లేకుండా తేలింది. "మొహం చూసుకోవచ్చు," అని సుత్తి మేస్త్రి వంగి తన మీసం దువ్వుకున్నాడు.

సాయంత్రం బడి గోడ పక్కగా ఇంటికి చేరాడు. చెప్పులు విడుస్తుంటే చిట్టి పరిగెత్తుకొచ్చింది.

"చిట్టీ!" లోపలినుంచి భార్య గొంతు. "ఇలా రా. బొత్తాలు కింద పడ్డాయి, ఏరిపెట్టు."

పిల్ల సగంలో ఆగి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, వెనక్కి పోయింది. మిషను ఆగకుండా నడుస్తోంది. భార్య తల ఎత్తలేదు. "అన్నం డబ్బా అక్కడ పెట్టు," అంది. అతను డబ్బా గట్టు మీద పెట్టి, ఆమెకి తన వాసన తగలకుండా అటు గోడ వారగా నడిచి, కాళ్ళు కడుక్కుని వచ్చాడు. అప్పటికీ ఆమె కుడుతూనే ఉంది. నుదుటి మీద చెమట. పక్కన పీట మీద పళ్ళెం, నిండా వేరుశనగ పొట్టు. ఫోన్ ఒళ్ళో ఉంది.

అతను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. మరీ దగ్గరగా కాదు. ఆమె దారం తెంపి చొక్కా పైకెత్తి చూసుకుంది. రెండు చేతులూ మొదట్లోనే మూసుకుపోయేట్టు కుట్టేసింది. ఏ పిల్లాడూ అందులో చెయ్యి పెట్టలేడు. కాసేపు దానికేసే చూసింది.

"ఇది ఎప్పటికి పోతుంది?" అంది.

తాగాలనిపిస్తోందా అని ఇంట్లో ఎప్పుడు అడిగినా అతను, అసలు ఆ ధ్యాసే లేదు, పూర్తిగా మర్చిపోయాను అనే చెప్పేవాడు. అలా చెబితే ఆమెకి ధైర్యంగా ఉంటుందని అనుకునేవాడు. ఇప్పుడు కూడా అదే మాట నోటిదాకా వచ్చింది.

"ఏమో," అన్నాడు. "నాకైతే ఇంకా పోలేదు."

ఆమె తల ఎత్తింది. "ఇవాళ కూడానా?"

"ఇవాళ కూడా. పొద్దున బావ మూత తీసినప్పుడు. మళ్ళీ ఇందాక, దారిలో."

చిట్టి కింద బొత్తాలు ఒక్కొక్కటీ డబ్బాలో వేస్తోంది. ఆమె అతన్ని చాలాసేపు చూసింది. దగ్గరికి రాలేదు. తర్వాత సొరుగులోంచి ఇంకో చిన్న కత్తెర తీసి, పిడి అతని వైపు ఉండేలా అందించింది.

"దారం తెగాలి, గుడ్డ చిరక్కూడదు," అంది. "ఆ చెయ్యి నువ్వు విప్పు. ఇది నేను విప్పుతా."